రొమ్ములో పుట్టిన జబ్బు ఎముకకెందుకు పాకింది?

మా అక్కయ్యకు 1983లో రొమ్ము కేన్సర్‌ ఆపరేషన్‌ జరిగింది. బావగారు వెనకాడితే కాగితాల మీద సంతకం నేనే పెట్టాను. రెండేళ్ళకు జబ్బు వెన్నెముకలో బయటపడింది. "కత్తి తగిలింది గనుకే పాకింది" అన్నారు బంధువులు. ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. పదవీ విరమణ తరువాత తీరిక చిక్కి ఈ జబ్బు చరిత్ర చదివాను. సభ్య మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

లండన్‌లో స్టీఫెన్‌ పేజెట్‌ అనే సర్జన్‌, రొమ్ము కేన్సర్‌తో మరణించిన 735 మంది రికార్డులు పరిశీలించి 1889లో ఒక వ్యాసం ప్రకటించాడు. (పాత కాగితాలు తిరగేయడం మన వృత్తి గనుక ఈయనంటే నాకు ప్రత్యేక గౌరవం!) జబ్బు కేవలం రక్తంలో కొట్టుకుపోయేదే అయితే కాలేయానికీ, ప్లీహానికీ ఒకేలా చేరాలి. కాని కాలేయంలో తరచుగానూ, ప్లీహంలో బహు అరుదుగానూ కనిపించింది. కొన్ని ఎముకలకూ ఎక్కువగా సోకింది. విత్తనం ఎటైనా పోవచ్చు గాని తగిన నేలలోనే మొలుస్తుందని ఆయన తేల్చాడు. ఆ నేలలో ఏముందో తెలియడానికి నూరేళ్ళు పైగా పట్టింది.

కణాలు ఒకదానికొకటి ప్రోటీన్ల ద్వారా కబుర్లు పంపుకొంటాయి. అందుకొనే ప్రోటీన్లు, అనగా గ్రాహకాలు, కణం పైపొరలో ఉంటాయి. తపాలా వస్తేనే ఫైలు కదిలినట్లు, కబురు అందితేనే కణం పెరుగుతుంది, కదులుతుంది. అలాంటి కబురు ప్రోటీన్లను కనిపెట్టినందుకే స్టాన్లీ కోహెన్‌, రీటా లెవీ మోంటాల్చినీలకు 1986లో నోబెల్‌ బహుమతి వచ్చింది. మరుసటి ఏడు డెనిస్‌ స్లామన్‌ బృందం, హెర్‌-2 అనే గ్రాహకపు జన్యువు ప్రతులు మితిమీరిన రోగులకు జబ్బు త్వరగా తిరగబెడుతోందని చూపింది. తపాలా రాకపోయినా ఫైలు కదుపుతూనే ఉండే గుమాస్తా అన్నమాట. దానిని అడ్డగించే ట్రాస్టుజుమాబ్‌ మందుకు 1998లో అమెరికాలో అనుమతి లభించింది.

నాకు కావలసిన జవాబు మాత్రం 2001లో 'నేచర్‌' పత్రికలో వెలువడింది. రొమ్ము కేన్సర్‌ కణాల మీద సి.ఎక్స్‌.సి.ఆర్‌.-4 అనే గ్రాహకం హెచ్చుగా ఉంది. దానిని పిలిచే ప్రోటీన్‌ ఎముక మజ్జలో, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లింఫు గ్రంథుల్లో సమృద్ధిగా ఉంది. ఎలుకల్లో ఆ గ్రాహకాన్ని మూసివేస్తే ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గింది. పైగా ఇలాంటి కణాలు ఆపరేషన్‌కు ముందే బయలుదేరి, మజ్జలో ఏళ్ళ తరబడి అణగి ఉండగలవట.

ఇదంతా బావగారికి చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆయన పోయారు. మొన్న మేనకోడలికి చెప్పాను. అంతా విని, "సంతకం సంగతి అమ్మ ఎన్నడూ తప్పుపట్టలేదు మామయ్యా" అన్నది.