మిశ్రమ కుటుంబ సేద్యం: బోయిన్‌పల్లి చుట్టుపక్కల నిలకడ, గిట్టుబాటు

ఒకే కుటుంబం తన కమతంలో తిండిగింజలు, పప్పులు, కూరగాయలు, పశుగ్రాసం కలిపి పండిస్తూ, పక్కన బర్రెలనో మేకలనో కోళ్లనో సాకే పద్ధతిని మిశ్రమ సేద్యం అంటారు. సికింద్రాబాద్‌కు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట, గజ్వేల్ వైపు, పడమర శంకర్‌పల్లి, చేవెళ్ల, వికారాబాద్ వైపు ఉన్న చిన్న కమతాల్లో ఈ పద్ధతి ఏదో ఒక మేరకు కనిపిస్తుంది. ఈ ప్రాంతాల కూరగాయలకు పెద్ద అడ్డా బోయిన్‌పల్లిలోని డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కూరగాయల మార్కెట్ యార్డు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ఇంత నేలలో దిగుబడి ఎంత పెంచినా దానికి ఒక హద్దుంది. అమ్మే ధర రైతు చేతిలో లేదు. ఇక చేతిలో ఉన్నవి బయట కొనేది తగ్గించడం, పాడైపోయేది తగ్గించడం, ఆదాయం ఏడాది పొడవునా వచ్చేలా పంటలను కూర్చుకోవడం. నేలను కాపాడే పనులు చాలాచోట్ల ఖర్చును కూడా తగ్గిస్తాయి. తగ్గించని చోట్లూ ఉన్నాయి, వాటిని దాచిపెడితే రైతుకు మేలు జరగదు.

యార్డులో రైతుకు మిగిలేది

రాత్రి డీసీఎంలోనో ఆటో ట్రాలీలోనో బయలుదేరిన సరుకు తెల్లవారేలోపు యార్డు చేరాలి. కమీషన్ ఏజెంటు దగ్గర ధర తేలాక బండి కిరాయి, హమాలీ, కమీషన్, తరుగు పోను మిగిలింది రైతుది. ధర బాగున్న రోజున ఈ కోతలు పెద్దగా బాధించవు. ధర పడిన రోజున మాత్రం కిరాయి తగ్గదు, హమాలీ తగ్గదు, పడిన భారమంతా రైతు వాటా మీదనే పడుతుంది. 2023 జూలైలో హైదరాబాద్‌లో కిలో టమాట వంద రూపాయలు దాటింది. సెప్టెంబరు నాటికి ధర కుప్పకూలింది. జూలై ధర చూసి నాటిన తోట సరిగ్గా ఆ పతనానికే కాపుకు వచ్చింది. టమాట నాటిన రెండు నెలలకు కాపు మొదలవుతుంది కనుక ఈ ఉచ్చు మళ్లీ మళ్లీ బిగుస్తూనే ఉంటుంది.

అనుభవమున్న రైతులు దీనికి రెండు విరుగుళ్లు వాడతారు. ఒకటి, అరెకరం తోటను ఒకేసారి నాటకుండా పదిహేను ఇరవై రోజుల ఎడంతో మడులుగా నాటడం. రెండోది, టమాట, క్యాబేజీ లాంటి ధర ఊగే పంటల పక్కన నిల్వ ఉండే కంది, మొక్కజొన్న, పసుపు ఉంచుకోవడం. మిశ్రమ సేద్యంలోని అసలు రక్షణ ఈ రెండోదే: కందులు ధర వచ్చేదాకా ఇంట్లో ఆగుతాయి, టమాట ఆగదు.

కూరగాయల చెత్త నుంచి కరెంటు

అమ్ముడుపోని కాయలు, క్యాబేజీ ఆకులు, కాలీఫ్లవర్ కాడలు కలిసి బోయిన్‌పల్లి యార్డులో రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థం పోగవుతుంది. ఒకప్పుడు దీన్నంతా చెత్తకుప్పలకు తరలించేవారు. ఇప్పుడు యార్డులోనే ఉన్న బయోగ్యాస్ ప్లాంటు దాన్ని వాడుకుంటుంది. దీని సాంకేతికతను హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) రూపొందించింది. కేంద్ర జీవసాంకేతిక విభాగం, రాష్ట్ర వ్యవసాయ మార్కెటింగ్ శాఖ నిధులు సమకూర్చాయి. చెత్తను కన్వేయర్ బెల్టు మీద పంపి, యంత్రంతో తురిమి, నీటితో కలిపి జావలా చేసి గాలి తగలని రియాక్టర్‌లోకి ఎక్కిస్తారు. సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టగా వచ్చే వాయువులో సగానికి పైగా మీథేన్ ఉంటుంది. రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాసు వస్తాయి. కరెంటు యార్డు వీధిదీపాలకు, దుకాణాలకు, కార్యాలయానికి, నీటి సరఫరాకు పోతుంది. గ్యాసు క్యాంటీన్ వంటకు. 2021 జనవరి 31న ప్రధాని నరేంద్ర మోదీ తన మన్ కీ బాత్ ప్రసంగంలో ఈ మార్కెట్టును ప్రస్తావించడంతో దేశమంతా దీని పేరు విన్నది.

వార్తల్లో కరెంటు గురించే ఎక్కువ రాశారు. వ్యవసాయం వైపు నుంచి చూస్తే అంతకన్నా ముఖ్యమైనది రియాక్టర్ అడుగున మిగిలే స్లర్రీ. గ్యాసుగా బయటికి పోయేది ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. మొక్క నేల నుంచి తీసుకున్న నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు పూర్తిగా స్లర్రీలోనే ఉండిపోతాయి. గజ్వేల్ చేనులోంచి క్యాబేజీతో పాటు బోయిన్‌పల్లి వచ్చిన పోషకాలు అవే. అవి తిరిగి చేను చేరినప్పుడే ఈ చక్రం పూర్తవుతుంది. అడ్డు వచ్చేది రవాణా: స్లర్రీలో అత్యధిక భాగం నీరే, యాభై కిలోమీటర్లు నీటిని మోయడం ఎవరికీ గిట్టదు. నీరు తీసి ఎండబెట్టిన ఎరువుకైతే దారి ఉంది. కూరగాయలు దించి ఖాళీగా వెనుదిరిగే బండ్లలో అదే ఊళ్లకు పంపడం అన్నిటికన్నా చవక.

ఇదే పని ఇంటి స్థాయిలో ఇంకా సులువు. రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు యాభై కిలోల పేడ కావాలి, మూడు నాలుగు పశువులున్న ఇంట్లో అది దొరుకుతుంది. నలుగురైదుగురున్న ఇంటి వంట దానితో గడుస్తుంది. స్లర్రీ పక్క చేనుకే పారుతుంది కనుక కిరాయి సమస్యే లేదు.

పెంట ఎరువు లెక్క

పశువుల పెంటలో నత్రజని సుమారు అర శాతం. టన్ను ఎరువులో ఐదు కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు, అంటే నాలుగు టన్నుల పెంటలో ఉన్నంత. రాయితీ పోను ఆ బస్తా ధర రూ.266.50. నాలుగు టన్నుల పెంట కొని, ట్రాక్టరుతో తోలించి, చల్లించడానికి అయ్యే ఖర్చు దీనికి ఎన్నో రెట్లు. కేవలం నత్రజని లెక్క చూసుకునే రైతు యూరియా వైపు మొగ్గితే అతన్ని తప్పుపట్టడానికి లేదు, లెక్కను అలా తయారుచేసింది రాయితీ విధానం.

పెంట విలువ వేరేచోట ఉంది. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువ వస్తే ఆ నేలను తక్కువ సారం కింద లెక్కిస్తారు. ఈ ప్రాంతపు ఎర్ర చెల్కల్లో చాలా భాగం ఆ గీత కిందే. ఇలాంటి నేల వాన నీటిని పట్టి ఉంచలేదు, వేసిన యూరియానూ నిలుపుకోలేదు. కర్బనం పెరిగిన చెల్క బెట్టకు ఆగుతుంది. ఆ ఫలితం ఒక్క సీజన్లో కనిపించదు, మూడు నాలుగేళ్లు పడుతుంది. పెంట కొనలేని చోట చవకైన మార్గం పచ్చిరొట్ట: తొలకరికి జీలుగో జనుమో చల్లి, పూతకు వచ్చే దశలో, సుమారు 45–50 రోజులకు కలియదున్నడం.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మరో అడుగు ముందుకు వేసింది. తొలకరికి ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లి నేలను ఏడాదిలో వీలైనన్ని రోజులు పచ్చగా కప్పి ఉంచడం, ఘన, ద్రవ జీవామృతాలను పొలం దగ్గరే తయారుచేసుకోవడం దీని పునాది. 2024లో ఈ కార్యక్రమం గుల్బెంకియన్ పురస్కారాన్ని మరో ఇద్దరు విజేతలతో పంచుకుంది. పురుగుమందుల విషయంలో తెలంగాణ పల్లెలు అంతకన్నా ముందే దారి చూపాయి. పాల్వంచ దగ్గర పునుకుల 2004లో పురుగుమందులు వదిలేసిన ఊరిగా ప్రకటించుకుంది. తర్వాత జనగామ ప్రాంతపు ఏనెబావి రసాయనాలు లేని ఊరిగా పేరు తెచ్చుకుంది. రెండుచోట్లా మొదట తగ్గింది మందుల కొట్టులో అప్పు.

అల్వాల్ మట్టి ప్రయోగం

బోయిన్‌పల్లికి ఆనుకుని ఉన్న అల్వాల్ రైతు చింతల వెంకట్ రెడ్డి మట్టినే ఎరువుగా వాడి పేరుపొందారు. లోతు నుంచి తవ్విన మట్టిని ఎండబెట్టి పైమట్టికి కలపడం, మట్టిని నీటిలో కలిపి ఆకుల మీద పిచికారీ చేయడం ఆయన పద్ధతిలో ముఖ్యమైనవి. 2020లో పద్మశ్రీ వచ్చింది. విటమిన్ డి ఉన్న వరి, గోధుమ పండించే ఆయన విధానాన్ని ప్రధాని 2021 ఫిబ్రవరి మన్ కీ బాత్‌లో మెచ్చుకున్నారు. బోయిన్‌పల్లి ప్రస్తావన వచ్చిన మరుసటి నెలే పక్కనున్న అల్వాల్ వంతు రావడం విశేషమే. లోతు మట్టిలో బంకమట్టి, ఖనిజాలు ఎక్కువున్న చోట ఈ పద్ధతికి అర్థముంది. అడుగున మొరం తగిలే చెల్కలో జేసీబీ కిరాయి దండగవుతుంది. అందుకే ఊరంతా అనుసరించే ముందు ఒక మడిలో చేసి చూసుకోవడం మేలు.

వెంకట్ రెడ్డి ద్రాక్ష రైతు కూడా. ఒకప్పుడు అల్వాల్, కొంపల్లి, మేడ్చల్ దారుల్లో ద్రాక్ష పందిళ్లుండేవి, అనాబ్-ఎ-షాహీ రకానికి హైదరాబాద్ పెట్టింది పేరు. నీరు అడుగంటడం, కూలి పెరగడం, అన్నిటికన్నా మించి భూమి ధర పెరగడం ఆ తోటలను మింగేశాయి.

పాడి, ఇంటి చాకిరి

పత్తి డబ్బు ఏడాదికి ఒక విడత, పాల డబ్బు సాధారణంగా పదిహేను రోజులకోసారి. ఇంటి ఖర్చుకు, కూలీల బట్వాడాకు వడ్డీవ్యాపారి గడప తొక్కనవసరం లేకపోవడమే పాడి ఇచ్చే మొదటి లాభం. మొక్కజొన్న చొప్ప, కందిపొట్టు, వేరుశనగ కట్టె మేతగా మారి దాణా ఖర్చు తగ్గిస్తాయి. మేతకు సూపర్ నేపియర్ ఒక పావెకరం ఉంటే ఇంకా మంచిది. యార్డు నుంచి క్యాబేజీ ఆకులు తెచ్చి మేపే అలవాటులో మాత్రం పురుగుమందుల అవశేషాల ప్రమాదముంది.

పాడి లాభమని చూపే లెక్కల్లో ఎక్కువగా కనిపించనిది ఇంటి ఆడవాళ్ల పని. పేడ ఎత్తడం, గడ్డి కోయడం, రెండు పూటలా పాలు పితకడం కూలిగా లెక్కగడితే కాగితం మీది లాభం చాలా ఇళ్లలో సగానికి కుంచించుకుపోతుంది. మద్దతు ధర నిర్ణయించేటప్పుడు కేంద్రం ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ అనే ఖర్చును తీసుకుంటుంది, అందులో కుటుంబ శ్రమ ఉంటుంది. సొంత భూమి కౌలు, సొంత స్థిర పెట్టుబడి మీద వడ్డీ సీ2 లెక్కలో మాత్రమే వస్తాయి. రైతు సంఘాలు సీ2 మీద యాభై శాతం కావాలని అడుగుతున్నది ఇందుకే. ఇక పాలకు, కూరగాయలకు కేంద్ర మద్దతు ధరే లేదు.

కలిసి అమ్ముకోవడం

1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతు బజార్లు కమీషన్‌ను తప్పించాయి, కానీ రోజంతా కూర్చుని అమ్మడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. ఒంటరి రైతుకు ఇది భారమే. దీనికి మన దగ్గరున్న మంచి జవాబు ముల్కనూరు. 1956లో ఏ.కె.విశ్వనాథ రెడ్డి నాయకత్వంలో పుట్టిన అక్కడి సహకార సంఘం అప్పు, ఎరువులు, నిల్వ, అమ్మకం ఒకే గొడుగు కిందికి తెచ్చింది. 2002లో అక్కడి మహిళలు సొంత డెయిరీ పెట్టుకున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు విత్తనం దగ్గర మొదలుపెట్టాయి. చిరుధాన్యాలు, పప్పులు కలిపి ఒకే చేనులో పదికి పైగా పంటలు పండిస్తూ ఊరి విత్తన నిధులు నడిపిన ఈ సంఘాలకు 2019లో ఈక్వేటర్ పురస్కారం దక్కింది. విత్తనం కొనకపోవడం కూడా ఆదాయమే.

కౌలు చిక్కు

పైన చెప్పిన వాటిలో నేలను బాగుచేసే పద్ధతి దాదాపు ప్రతిదీ మూడో ఏడాదికి గానీ ఫలమివ్వదు. భూమి మూడేళ్లు తన చేతిలో ఉంటుందన్న నమ్మకం కౌలు రైతుకు లేదు. ఏడాది కౌలుకు తీసుకున్న చేనులో పెంట తోలితే ఆ సారం వచ్చే ఏటి కౌలుదారుకో, యజమానికో పోతుంది. 2018లో ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు పట్టాదారు ఖాతాలోకే వెళ్లేది, 2025 జనవరి 26 నుంచి 6,000 ఇస్తున్న రైతు భరోసా కూడా అక్కడికే వెళ్తోంది. మేడ్చల్ రోడ్డు వెంట పరిస్థితి ఇంకా జటిలం. యజమాని వెంచర్ ధర కోసం చూస్తుంటాడు, అంతవరకు నేల ఖాళీగా ఉండకుండా ఎవరో ఒకరు దున్నుతుంటే చాలనుకుంటాడు.

మూడు నుంచి ఐదేళ్ల రాతపూర్వక కౌలు దీనికి మందని వ్యవసాయ రంగంలో చాలామంది ఒప్పుకుంటారు. రాసిస్తే భూమి మీద హక్కు పోతుందన్న భయం యజమానులను వెనక్కు లాగుతోంది. ఆ భయం పోగొట్టడానికే ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. యజమాని హక్కుకు భంగం లేకుండా సాగుదారుకు కార్డు ఇస్తుంది. ఆ కార్డు చెల్లేది పదకొండు నెలలు.