గుడిసె కాలితే 8,000: మైదాన గిరిజనుల ఇళ్లూ, నిప్పూ, కాగితమూ

 పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఏప్రిల్ 14 అంటే మన హాస్టళ్లలో అంబేద్కర్ జయంతి. అదే రోజు నుంచి 20 దాకా దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు కూడా జరుగుతాయి. 1944లో ఆ తేదీనే బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికిన్’ అనే ఓడ అంటుకుంది. అందులో పత్తి బేళ్లు, పేలుడు మందులు కలిపి ఎక్కించారు. ఆర్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బందిలో 66 మంది చనిపోయారు. వాళ్ల గుర్తుగానే ఈ వారం. పత్తికి నిప్పంటితే ఎట్టా ఉంటదో తుళ్లూరు వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. పైన ఆరినట్టే కనపడుద్ది, లోపల రాజుకుంటానే ఉంటది.

అసలు మనోళ్లకి నిప్పు గురించి తెలియదా? యానాదులు రెండు పుల్లలు రాపాడించి నిప్పు పుట్టించే పద్ధతిని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన పుస్తకంలో వివరంగా రాశాడు. కుండలో గడ్డి పెట్టి పొగ రాజేసి, ఎలక బొరియలోకి ఊది పట్టే పని మా తాతలు చేశారు, ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. చుట్టూ ఎండిన చేను, మధ్యలో నిప్పుకుండ. చేను అంటుకోకుండా ఎలకని పట్టాలంటే నిప్పు మీద ఎంత అదుపుండాలి! కాబట్టి ‘వీళ్లకి జాగ్రత్త తెలియదు, అందుకే ఇళ్లు తగలబెట్టుకుంటారు’ అనే మాట నేను ఒప్పుకోను.

మరి గుడిసెలెందుకు కాలతాయి? మొదటిది కప్పు. తాటాకు, రెల్లు, బోదగడ్డి రోహిణి కార్తెకి గలగలలాడతాయి. చూరు మనిషి నడుం ఎత్తులో ఉంటది, పొయ్యి లోపలే. వంటకి పత్తికట్టె, మిరపకట్టె గోడవారనే పేరుస్తాం. ఎరుకల వాళ్ల ఇళ్లలో బుట్టలల్లే ఈత బద్దలు, వెదురు కూడా ఉంటాయి. ఒక్క రవ్వ చాలు. రెండోది గుడిసెకి గుడిసె ఆనుకుని ఉండటం. పడమటి గాలి తోలితే ఒక ఇంటి నిప్పు వరస మొత్తాన్ని తినేసుద్ది.

దగ్గర దగ్గరగా కట్టుకోవడం మన సరదా కాదు. సొంత స్థలం లేనోడు కాలవగట్టు మీదో, చెరువుకట్ట మీదో ఎంత జాగా దొరికితే అంతలోనే వేసుకుంటాడు. ఇక్కడి నుంచి కథ కాగితం దగ్గరికి వస్తది.

మైదానంలో మనవాళ్ల పేర్లు చాలావరకు ముందు ఎక్కింది ఇంటిపట్టాలో కాదు, పోలీసు రిజిస్టర్లో. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్ట్‌పురంలో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఎరుకల సెటిల్‌మెంటు పెట్టారు. తుళ్లూరుకి దగ్గర్లోని సీతానగరంలోనూ అలాంటిదే నడిచింది. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. రిజిస్టర్లోంచి పేరు తీసేశారు గానీ, దాని బదులు చేతిలో పట్టా పెట్టలేదు.

తర్వాత పథకాలొచ్చాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, 1985లో ఇందిరా ఆవాస్, 2006లో ఇందిరమ్మ ఇళ్లు. వంటకి 1999లో దీపం, 2016లో ఉజ్వల గ్యాసు కనెక్షన్లు. ఇవి అందినోళ్ల ఇళ్లలో తాటాకు పోయింది, పొయ్యి మంట తగ్గింది, ఇది నిజం. కానీ ఇల్లు రావాలంటే స్థలం చూపించాలి, గ్యాసు రావాలంటే కార్డు చూపించాలి. గట్టు మీద ఉన్నోడు ఏం చూపిస్తాడు? రాజధానికి 29 గ్రామాల్లో భూములు తీసుకున్నప్పుడు భూమి లేని కుటుంబాలకి మొదట నెలకి 2,500 పింఛను పెట్టారు. ఆ జాబితాలో చేరడానికీ కాగితమే కావాలి.

ఇప్పుడు అసలు లెక్క. అగ్నిప్రమాదం కూడా ప్రభుత్వం సాయం చెయ్యాల్సిన విపత్తుల్లో ఒకటి. 2022 నుంచి 2026 దాకా కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం మైదానంలో పక్కా ఇల్లయినా కచ్చా ఇల్లయినా పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. గుడిసె పోతే 8,000. పైగా కాలిన ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. ఆ ధ్రువీకరణకి చూపించాల్సిన ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం గుడిసెతోపాటే బూడిదవుతాయి. ఇంటి మంట గంటలో ఆరుద్ది. కాగితాల మంట పిల్లల అడ్మిషన్ దాకా కాలుస్తానే ఉంటది.

అందుకే ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం కాదు, ముందే చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. పొయ్యి చుట్టూ మట్టిగోడ మోకాలి పైదాకా లేపి అలకాలి. కట్టెలు చూరు కింద పెట్టొద్దు. గాలి తోలే మధ్యాహ్నాలు పొయ్యి వెలిగించకుండా పొద్దున్నే వండుకోవాలి. వరసకో నీళ్ల డ్రమ్ము, బకెట్ ఇసక, తడిపిన గోనెసంచులు ఉంచాలి. గ్యాసు వాసనొస్తే స్విచ్చి ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరవాలి. బట్టలకి అంటుకుంటే పరిగెత్తొద్దు, నేల మీద దొర్లాలి. కాలిన చోట పేస్టు, ఇంకు పుయ్యకుండా ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు పొయ్యాలి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యాలి. ప్రమాదం జరిగాక వీఆర్వో పంచనామా, ఫైర్ స్టేషన్ రిపోర్టు అడిగి తీసుకోవాలి.

ఇవన్నీ పెద్దోళ్లు చెయ్యగలరు. చదువుకున్న మనం మాత్రమే చెయ్యగలిగిన పని ఒకటుంది. ఈ ఎండాకాలం సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మన వరసలో ప్రతి గుడిసెలోని కాగితాలు ఫోన్లో ఫొటో తీసి, డిజిలాకర్లో ఎక్కేవి ఎక్కిద్దాం. ఏ కాగితమూ లేని ఇంటి పేరు విడిగా రాసుకుని, ఇంటి స్థలం పట్టా కోసం గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టించి, రసీదు తీసుకుందాం. మీ ఊళ్లో ఎన్ని ఇళ్లకి కాగితం లేదో ఇక్కడే కింద రాయండి. ఊరూరికీ లెక్క తేలితే, అందరం కలిసి అడగడానికి మన చేతిలోనూ ఒక కాగితం ఉంటది.