నవాబు అతిథి, నాంపల్లి బాటసారి

ఒక్క రాత్రయినా ఫలక్‌నుమా ప్యాలెస్ హోటల్‌లో గడపాలా, లేక అదే డబ్బుతో ఆబిడ్స్‌లో మామూలు గది తీసుకుని నాలుగు రోజులు ఊరంతా తిరగాలా? హైదరాబాదు చూడబోయేవాళ్ల ఇళ్లలో ఈ మాట ఇప్పుడు తరచూ వస్తుంది. నాలుగు శతాబ్దాలు దాటిన నగరంలో ఈ ప్రశ్న నిన్నమొన్నటిదే. ఎవరు ఎక్కడ దిగాలో చాలాకాలం హోదాయే తేల్చేసేది.

17వ శతాబ్దంలో వజ్రాల బేరానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఈ సంగతి గమనించాడు. నగరంలో ఉండేది పెద్దమనుషులు, రాజోద్యోగులు. వర్తకులు, దళారులు, పనివాళ్లకు శివారు పేటే గతి. పరదేశులకు ఆ పేటలోని రెండు మూడు అందమైన మసీదులే సరాయిలుగా అక్కరకొచ్చేవని రాశాడు. ఆ తర్వాత వచ్చిన మరో ఫ్రెంచి యాత్రికుడు థెవెనో మాత్రం మంచీచెడూ బేరీజు వేశాడు. ఊళ్లో సరాయిలు చాలానే ఉన్నా, రాజుగారి తోటకు ఎదురుగా ఉన్న నిఅమతుల్లా సరాయికే పేరుందట. గోల్కొండ దగ్గరి షేక్‌పేటలో ఆనాటి సరాయి కట్టడం ఇంకా నిలిచే ఉంది. అందులో మనుషులకు గదులు, వాళ్లను మోసుకొచ్చిన జంతువులకు శాలలు.

రైలు వచ్చాక బాటసారి మారిపోయాడు.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైళ్లు మొదలయ్యాయి, 1907లో నాంపల్లి స్టేషను వెలిసింది. బిడారుతో కాకుండా ఒక్క పెట్టె పట్టుకుని దిగేవాళ్ల కోసం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1919లో స్టేషను పక్కనే నాంపల్లి సరాయి కట్టించాడు. కొద్దిపాటి డబ్బుతో తలదాచుకునే చోటది.

అదే నిజాం చేతిలో ఫలక్‌నుమా కూడా ఉండేది. పైగా అనే ప్రభువుల వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో చార్మినార్‌కు దక్షిణాన ఒక గుట్టమీద దానికి శంకుస్థాపన చేశాడు. ఇటలీ పాలరాయి తెప్పించి, 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్ల వేయించి, ఆ ఖర్చుకు తానే తట్టుకోలేకపోయాడు. చివరికి భవనం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పరమైంది. ఆయన దాన్ని రాచ అతిథుల విడిదిగా మార్చాడు. 1911లో కన్నుమూసిందీ అక్కడే. బ్రిటిష్ యువరాజు జార్జి 1906లో, ఆయన కొడుకు ఎడ్వర్డ్ 1922లో ఇక్కడ దిగారు. గది అద్దె ఎంతని వాళ్లు అడగలేదు, అడిగే అవసరమూ రాలేదు. ఒకే ప్రభువు నీడలో ఒకవైపు అణాల లెక్క చూసుకునే సరాయి, మరోవైపు బిల్లే లేని విడిది నడిచాయి. ఎవరి చోటు వారికి ముందే ఖాయం.

మధ్యతరగతి హోటళ్లకు గిరాకీ పెరిగింది నిజాం రాజ్యం పోయాకే. 1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని కావడంతో ఫైళ్ల పనిమీద ఉద్యోగులు, వాయిదాలకు కక్షిదారులు, సరుకు కోసం జిల్లాల వ్యాపారులు వచ్చిపడ్డారు. నాంపల్లి, కాచిగూడ, ఆబిడ్స్ వీధుల్లో లాడ్జీల బోర్డులు లేచాయి. ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్ లాంటివి కింద ఇడ్లీ, దోసె, భోజనం పెడుతూనే గదులూ ఇచ్చాయి. కాస్త దర్జా కోరేవాళ్లకు రిట్జ్ ఉండేది. కేంబ్రిడ్జిలో చదివిన సర్ నిజామత్ జంగ్ 1915లో అక్కడి ట్రినిటీ కాలేజీ పోలికతో కట్టించుకున్న హిల్‌ఫోర్ట్ ప్యాలెసే ఈ హోటల్. దశాబ్దాల పాటు నడిచి మూతపడింది.

ఫలక్‌నుమా మాత్రం 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస తర్వాత దాదాపుగా మూలపడింది. తాజ్ సంస్థ లీజుకు తీసుకుని, నిజాం కుటుంబపు యువరాణి ఎస్రా పర్యవేక్షణలో ఏళ్ల తరబడి బాగుచేయించి, 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరిచింది. ఒకప్పుడు ఆహ్వానం ఉంటేనే తెరుచుకున్న గేటు ఇప్పుడు డబ్బు కట్టిన ఎవరికైనా తెరుచుకుంటుంది, లోపలికి గుర్రపుబగ్గీ కూడా తీసుకెళుతుంది.

అయితే గుట్టమీద గది తీసుకున్నవాళ్లకు నగరం కంటి కింద పరుచుకుని కనిపిస్తుందే గానీ, కాలికి తగలదు. లాడ్‌బజార్‌కైనా, సాలార్‌జంగ్ మ్యూజియానికైనా ప్రతిసారీ బండి కట్టాల్సిందే. ఆబిడ్స్‌లో దిగినవాడికి నాంపల్లి మెట్రో, మొజాంజాహీ మార్కెట్ నడిచేంత దూరం. పైగా గది తీసుకోకపోయినా, ముందే బుక్ చేసుకుంటే టీ వేళకు ఆ ప్యాలెస్‌లోకి వెళ్లి, 101 కుర్చీల బల్ల చూసి రావచ్చు.