బెడ్‌ఫోర్డు రాతిపనివారి తెల్లవ్రేళ్లు

అమెరికాయందలి ఇండియానా రాష్ట్రమున బెడ్‌ఫోర్డు పట్టణము సున్నపురాతికి పేరెన్నికగన్నది. న్యూయార్కులో 1931లో వెలసిన ఎంపైర్ స్టేట్ భవనపు గోడలకు తొడిగినది ఆ సీమ రాయియే. వెనుక అచ్చటి పనివారు సుత్తితో ఉలిని కొట్టి నగిషీలు చెక్కుచుండగా, పందొమ్మిదవ శతాబ్ది చివరినాళ్లలో గాలియొత్తిడితో నడచు సుత్తి వారి చేతికి వచ్చెను. నిమిషమునకు 3,000కు మించి దెబ్బలు వేయు నా యంత్రము పనిని త్వరపఱచినమాట నిజమేగాని, దాని అదురు రాతితో ఆగక, ఉలిని బిగించి పట్టిన వ్రేళ్లలోనికిని ప్రాకెను.

చలికి వ్రేళ్లు తెల్లబాఱు స్థితిని మారిస్ రేనో అను ఫ్రెంచి వైద్యుడు 1862లోనే వర్ణించియుండెను. గాలిపనిముట్లు వాడువారియందు దానిని 1911లో ఇటలీ దేశీయుడగు లోరిగా గుర్తించెను. పిదప, హార్వర్డు విశ్వవిద్యాలయమున తొలి స్త్రీ అధ్యాపకురాలగుటకు ఒక యేడు ముందు, ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు 1918 జనవరిలో బెడ్‌ఫోర్డునకు పోయెను. వేసవిలో పోయియున్నచో ఆమెకు కానవచ్చునది స్వల్పమే. ఏలనన ఈ వ్యాధి చలివేళనే బయటపడును. ఎడమచేతి చిటికెన, ఉంగరపు, నడిమి వ్రేళ్లలో సూక్ష్మధమనులు ముడుచుకొని, రక్తము రాక, గీత గీసినట్లు ఒక హద్దువఱకు చర్మము పాలిపోవును, స్పర్శ నశించును, వెచ్చదనము తగిలి రక్తము మరల వచ్చునప్పుడు మంటయు పోటును కలుగును. బిగిపట్టు, అదురు, చలి ఈ మూడును కలిసి దీనికి మూలమని ఆమె తేల్చెను. ఆమె పరీక్షించినవారిలో నూటికి 89 మందికి ఈ బాధ కలదు.

ప్రాణము తీయదు గనుక ఇది అల్పమైన బాధయని తలచువారు లేకపోలేదు. చొక్కా గుండీ పెట్టుకొనలేని చేతితోనే కూడు సంపాదింపవలసినవాని యెదుట ఆ మాట నిలువదని నా అభిప్రాయము. బ్రిటనునందు సయితము చట్టము దీనిని వృత్తిరోగముగా అంగీకరించినది 1985లో మాత్రమే.

హామిల్టన్ పోయివచ్చిన అఱువదియేండ్లకు, 1978లో, పరిశోధకులు మరల బెడ్‌ఫోర్డునకు వెళ్లిరి. సుత్తి తీరు మాఱలేదు, పట్టు తీరు మాఱలేదు. దానిని వాడువారిలో నూటికి 80 మందికి వ్రేళ్లు తెల్లబాఱుచునే యుండెను.