పావు తక్కువ ముగ్గురు షాయర్లు, నూటికి 99 మార్కులు

మీర్ తఖీ మీర్ లఖ్‌నవూలో ఉన్న రోజుల్లో ఎవరో ఆయన్ను అడిగారట, ఈ కాలంలో షాయర్లు అనదగ్గవాళ్లు ఎవరని. ఒకరు సౌదా, రెండోవాణ్ణి నేను అన్నాడు మీర్. కాస్త ఆగి, ఖ్వాజా మీర్ దర్ద్‌ను సగం లెక్కన కలుపుకోవచ్చన్నాడు. మరి మీర్ సోజ్ సాహెబ్ సంగతేమిటని అడిగితే నొసలు ముడిచాడు. ఆయన నవాబ్ ఆసఫుద్దౌలాకు ఉస్తాద్ కదా అని గుర్తుచేశారు. సరే అయితే, మొత్తం పావు తక్కువ ముగ్గురు అని తేల్చేశాడు మీర్.

ఈ కిస్సా మౌలానా ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో వెలువరించిన 'ఆబె హయాత్'లో ఉంది. ఆజాద్ చెప్పిన ప్రతి కిస్సా తారీఖుగా నిలబడదని పండితులు చెబుతూనే ఉంటారు. అయినా ఉర్దూ మీడియంలో చదువుకున్న మాలాంటివాళ్లకు ఇది మర్చిపోలేని పాఠం. క్లాసులో అందరం పకపకా నవ్వాం. మాస్టర్‌సాబ్ మాత్రం నవ్వలేదు. "పావు షాయర్ అని నవ్వుతున్నారు సరే, సోజ్ షేర్ ఒక్కటైనా చదివారా?" అని అడిగారు. క్లాసు మొత్తం ఖామోష్.

ఆ ప్రశ్న ఇన్నేళ్ల తర్వాత మళ్లీ గుర్తొచ్చింది. ఇంట్లో పిల్లలు ఒక వీడియో గేమ్ కొనమని అడుగుతూ, దాని బాగోగులేమీ చెప్పకుండా, "అబ్బా, దీనికి 94 వచ్చింది" అన్నారు. అంతే, అదే దలీల్, అదే ఫైసలా. మన తెలుగు సినిమాకైతే ఐదుకి రెండు ముప్పావు అంటాం. చూడండి, అదీ పావు తక్కువ మూడే! కళను అంకెలో తూచే ఈ అలవాటు వీడియో గేముల లోకంలోకి ఎలా వచ్చింది, ఏం చేసింది, ఏం వినలేకపోయింది? ఇది ఆ కథ.

జేబు ఖర్చు కాపాడిన తన్‌ఖీద్

1981 నవంబరులో బ్రిటన్‌లో 'కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్' అనే మాసపత్రిక మొదలైంది. అదే ఏడాది చివర్లో అమెరికాలో 'ఎలక్ట్రానిక్ గేమ్స్' వచ్చింది. అప్పట్లో బ్రిటన్‌లో చాలా గేములు పాటల క్యాసెట్ లాంటి టేపుల మీదే అమ్మేవాళ్లు. కొనేవాళ్లలో ఎక్కువమంది స్కూలు పిల్లలు, డబ్బు వాళ్ల జేబు ఖర్చు. క్యాసెట్ పైన అట్ట మీద రంగురంగుల బొమ్మ ఉండేది. ఇంటికెళ్లి టీవీకి తగిలిస్తే నాలుగు చుక్కలు కదిలేవి. అలా మోసపోకుండా ఉండాలంటే ముందే ఆడి చూసి చెప్పేవాడు ఒకడు కావాలి. గేముల సమీక్ష పుట్టింది ఈ జరూరత్ నుంచే.

1984లో ఇంగ్లండ్‌లోని లడ్లో అనే చిన్న ఊరి నుంచి 'క్రాష్' పత్రిక వచ్చింది. దాని సమీక్షకుల్లో చాలామంది ఆ ఊరి బడి పిల్లలే. గ్రాఫిక్స్‌కి ఇంత, ఆడటంలోని మజాకి ఇంత, పెట్టిన డబ్బుకి తగిన విలువకి ఇంత అని విడివిడిగా శాతాలు వేసి, చివర్లో మొత్తం శాతం ఇచ్చేవారు. 90 దాటితే అదొక సనద్. పాఠకులు వ్యాసం చదవకముందే పేజీ కింద ఉన్న అంకె వైపు చూడటం అక్కడే మొదలైంది.

జపాన్‌లో 1986లో మొదలైన 'ఫామిత్సు' ఇంకో పద్ధతి తెచ్చింది. ఒక్కో గేమును నలుగురు ఆడతారు. ఒక్కొక్కరూ నాలుగు వాక్యాల్లో తమ మాట చెప్పి, పదికి మార్కులు వేస్తారు. మొత్తం 40. నలుగురు గవాహుల మాట పక్కపక్కనే కనబడుతుంది కాబట్టి, ఒకరికి నచ్చనిది ఇంకొకరికి ఎందుకు నచ్చిందో తెలుస్తుంది. ఇందులో కొంత ఇన్సాఫ్ ఉందనే చెప్పాలి. పన్నెండేళ్లపాటు ఏ గేముకీ 40కి 40 రాలేదు. 1998లో నింటెండో సంస్థ గేము 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్' మొదటిసారి ఆ మార్కు అందుకుంది. ఆ గేము దగ్గరకు మళ్లీ వద్దాం.

అంకె హాకిమ్ అయిన రోజు

2001 జనవరిలో అమెరికాలో 'మెటాక్రిటిక్' వెబ్‌సైట్ మొదలైంది. పదుల కొద్దీ పత్రికలు, సైట్లు ఇచ్చిన మార్కులన్నీ పోగుచేసి, నూటికి ఒకే ఒక అంకెగా మారుస్తుంది. ఐదుకు నాలుగు నక్షత్రాలిస్తే 80 అంటుంది. అందరి మాటకూ సమాన విలువ ఉండదు, కొన్ని పత్రికల మార్కుకు ఎక్కువ బరువు. ఎవరికెంత బరువో బయటికి చెప్పదు. గేములకు 75, ఆపైన వస్తే ఆకుపచ్చ, 50 నుంచి 74 వరకు పసుపు, అంతకన్నా తగ్గితే ఎరుపు.

మన బడుల్లో 35 వస్తే పాస్. గేముల లోకంలో 70 వచ్చినా తలదించుకునే పరిస్థితి వచ్చింది. 2004లో వార్నర్ బ్రదర్స్ గేముల విభాగం ఒక మాట బయటపెట్టింది: తమ సినిమాల పేర్లు వాడుకుని గేములు తీసే కంపెనీలు సగటున 70 కంటే తక్కువ తెచ్చుకుంటే ఎక్కువ రాయల్టీ కట్టాలి. పాఠకుడి జేబును కాపాడటానికి పుట్టిన అంకె ఇలా వ్యాపార ఒప్పందాల్లోకి దూరింది.

2010లో 'ఫాల్అవుట్: న్యూ వెగాస్' వచ్చింది. తయారుచేసింది అబ్సిడియన్ అనే స్టూడియో, ప్రచురించింది బెథెస్డా. మెటాక్రిటిక్‌లో 85 వస్తే స్టూడియోకు బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. ఒక్క మార్కు తక్కువైనందుకు బోనస్ రాలేదు. ఈ సంగతి 2012లో ఆ స్టూడియో ప్రముఖుడు క్రిస్ అవెలోన్ స్వయంగా చెప్పాడు. ఆ 84లో ఎవరి మాట బరువెంతో తెలియదు. అయినా ఎంతోమంది మెహనత్‌కు అదే తుది ఫైసలా అయింది.

అంకె వేసే చెయ్యికీ కష్టాలు తప్పలేదు. 2007 నవంబరులో 'గేమ్‌స్పాట్' సైట్‌లో జెఫ్ గెర్ట్స్‌మన్ అనే సీనియర్ సమీక్షకుడు 'కేన్ అండ్ లించ్' గేముకు పదికి 6 ఇచ్చాడు. అప్పటికి ఆ సైట్ నిండా ఆ గేము ఇష్తిహార్లే. కొద్ది రోజుల్లో అతని ఉద్యోగం పోయింది. ప్రకటనదారు ఒత్తిడి ఉందన్న సంగతిని 2012లో అతనే బాహాటంగా చెప్పాడు. పత్రికారంగంలో పనిచేసేవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. ప్రకటన పక్కన నిజం రాయడం ఎక్కడైనా కష్టమే. మీర్ కూడా, నవాబు ఉస్తాద్ అని తెలిశాకే కదా ఆ పావు కలిపింది!

అంకె వినని ఆవాజ్

ఇప్పుడు మనకు దగ్గరి విషయానికి వస్తాను.

'ఒకరీనా ఆఫ్ టైమ్'కు మెటాక్రిటిక్‌లో ఇప్పటికీ 99 ఉంది. అంతకన్నా ఎక్కువ మార్కు ఏ గేముకీ లేదు. కానీ 1998లో వచ్చిన తొలి ప్రతుల్లో అగ్ని మందిరం అనే ఘట్టం ఉంది. అందులో నేపథ్య సంగీతంగా ఇస్లామీ ఇబాదత్‌లోని గాత్రపు ముక్కలు వినబడేవి. బజార్లో దొరికే ఒక శబ్దాల సీడీ నుంచి తీసుకున్నవవి. తయారుచేసినవాళ్లకు అది 'ఎడారి దేశాల గొంతు', అంతే. ఇంకోచోట దొంగల తెగ జెండా మీద నెలవంక, నక్షత్రం. తర్వాతి ప్రతుల్లో నింటెండో ఆ గాత్రాన్ని తీసేసింది, కొన్నాళ్లకు ఆ గుర్తునూ మార్చింది. 99 మార్కులు వేసిన పండితులకు ఇది తప్పుగా తోచలేదు, ఎందుకంటే వాళ్ల చెవికి అది అర్థమున్న మాటగానే చేరలేదు.

2002 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ కోసం 'కకుతో చోజిన్' అనే పోట్లాట గేమ్ వచ్చింది. ఇందులో ఒక పాత్ర పాట వెనుక ఖుర్ఆన్ తిలావత్ వినబడింది. సౌదీ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2003 మొదట్లో గేమును బజారు నుంచే ఉపసంహరించారు. సమీక్షకులు ఈ గేముకు చాలా తక్కువ మార్కులే ఇచ్చారు. కానీ వాళ్ల ఫిర్యాదు వేరు, ఆట బాగోలేదని.

2009లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2'కు మెటాక్రిటిక్‌లో 94. అందులో బ్రెజిల్ మురికివాడలో సాగే ఒక యుద్ధరంగం ఉంది. అక్కడ ఒక ఇంటి స్నానాలగదిలో గోడకు పటం తగిలించి ఉంటుంది. దాని చట్రం మీద అల్లాహ్ జమాల్ గురించిన ప్రసిద్ధ హదీస్ అరబీలో రాసి ఉంటుంది. ఎక్కడో దొరికిన అందమైన ఖత్తాతీని డిజైన్ అనుకుని అతికించేశారు. మూడేళ్లు కోట్లాదిమంది ఆడారు. 2012 అక్టోబరులో ముస్లిం ఆటగాళ్లు చూపించాక కంపెనీ మాఫీ కోరి, ఆ రంగాన్ని తాత్కాలికంగా తీసేసి సరిచేసింది.

సూరహ్ రహ్మాన్, ఒక మాలీ ఫన్‌కార్

అన్నిటిలోకీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2008 నాటి 'లిటిల్‌బిగ్‌ప్లానెట్'. పిల్లలు, పెద్దలు కలిసి ఆడే ముచ్చటైన గేమ్. బ్రిటన్‌లో తయారైంది, ప్రచురణ సోనీది. మెటాక్రిటిక్‌లో 95. మార్కుల విషయంలో మహా పిసినారి అని పేరున్న 'ఎడ్జ్' పత్రిక కూడా పదికి పది ఇచ్చింది. అక్టోబరులో విడుదల. డిస్కులు దుకాణాలకు వెళ్లిపోయాయి. అప్పుడు ఒక ముస్లిం ఆటగాడు గమనించాడు, నేపథ్యంలో వచ్చే ఒక పాటలో ఖుర్ఆన్ వాక్యాలు రెండున్నాయని. అందులో ఒకటి సూరహ్ రహ్మాన్‌లోది. నినాదాలు లేవు, బెదిరింపులు లేవు. అదబ్‌తో ఇంటర్నెట్‌లో ఒక లేఖ రాసి, తీసేయమని విన్నవించాడు. సోనీ ప్రపంచవ్యాప్తంగా విడుదల వాయిదా వేసింది, డిస్కులు వెనక్కి తెప్పించింది, గొంతు లేకుండా వాద్యం మాత్రమే ఉన్న పాటతో మళ్లీ పంపింది.

కథ ఇక్కడితో అయిపోతే సులువే. కానీ ఆ పాట పాడించిన తూమానీ దియాబాతే కూడా ముస్లిమే. మాలీ దేశస్థుడు, 21 తీగల కోరా వాద్యానికి ప్రపంచమంతా ఎరిగిన ఉస్తాద్. తరతరాలుగా పాటతోనే తారీఖ్ కాపాడుకుంటూ వచ్చిన ఖాందాన్ అతనిది. దీనిని పాటలో పెట్టడం మా దగ్గర మామూలే, జనాన్ని దీన్ వైపు పిలవడానికే అలా చేస్తాం అని అతను చెప్పుకున్నాడు. దర్గాల్లో ఖవ్వాలీ విన్నవాళ్లకు ఆ మాట పరాయిగా అనిపించదు. కలామె పాక్‌ను సంగీతంతో కలపకూడదని నమ్మేవాళ్లకు లేఖ రాసిన ఆటగాడి బాధ అర్థమవుతుంది. ఇద్దరిలో ఎవరి దిల్లోనూ ఖోట్ లేదు. దియాబాతే 2024 జులైలో ఇంతఖాల్ అయ్యాడు.

ఇంత ఇఖ్తిలాఫ్, ఇంత లోతు ఉన్న ఆ పాట గురించి 95 అనే అంకె ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. చెప్పలేదు కూడా. సూరహ్ రహ్మాన్ మొదట్లోనే మీజాన్ ప్రస్తావన ఉందని మనకు తెలుసు. తరాజు ఉండటం తప్పు కాదు. ఏ తట్టలో ఏం వేశారో, ఏది వేయడం మర్చిపోయారో చూడకపోవడమే తప్పు.

అంకెకు ఎడమ పక్కన

అంకెను తీసేస్తే సరిపోతుందా? 2015లో బ్రిటన్ సైట్ 'యూరోగేమర్' పదికి మార్కులు వేయడం మానేసింది. బదులుగా తప్పక ఆడదగినది, ఆడవచ్చు, వద్దు వంటి మాటలు పెట్టింది. 2023లో మళ్లీ ఐదు నక్షత్రాలకు వచ్చింది. జనానికి ఒక్క చూపులో తేలే ఫైసలా కావాలి. తీరిక లేని తల్లిదండ్రులకు మరీను. దాన్ని తప్పుపట్టలేం.

కానీ 2019 నాటి 'మోడర్న్ వార్‌ఫేర్' గేమును చూడండి. మెటాక్రిటిక్‌లో దానికి 80 దగ్గర ఉంది, ఆకుపచ్చ. అందులో 'మరణ రహదారి' అనే పేరు వినిపిస్తుంది, దాని మీద బాంబులు వేసింది రష్యన్లని చెబుతుంది. ఆ పేరుతో అసలు తారీఖులో ఉన్నది కువైట్ నుంచి ఇరాఖ్ వైపు వెళ్లే దారి. 1991 ఫిబ్రవరిలో వెనక్కి వెళ్తున్న ఇరాఖీ సైన్యం మీద అక్కడ బాంబులు కురిపించినవి అమెరికా, దాని మిత్రుల విమానాలు. ఒకరి జుల్మ్‌ను ఇంకొకరి ఖాతాలో రాసేశారు. ఈ సంగతిని చాలామంది పాత్రికేయులు పట్టుకున్నారు, ఖుల్లంఖుల్లా రాశారు. అంటే విమర్శకులు మౌనంగా లేరు. వాళ్ల మాటల్లో నిజం ఉంది. ఆ మాటలన్నీ కరిగి అంకెగా మారేటప్పుడే నిజం ఆవిరైపోయింది.

అందుకే పిల్లలు "94 వచ్చింది" అన్నప్పుడు ఫోన్ లాక్కోవాల్సిన పని లేదు, కళ్లు మూసుకుని డబ్బు కట్టాల్సిన పనీ లేదు. "ఎవరిచ్చారు బేటా? ఏమని రాశారు? చదివి వినిపించు" అని అడిగితే చాలు. ఆ తర్వాత ఒకరోజు పక్కన కూర్చుని వాళ్లతో ఆడి చూడండి. పదుల కొద్దీ పండితులు వినని ఆవాజ్ మీ చెవికి వినబడవచ్చు. వినబడితే ఆ కుర్రాడిలాగే అదబ్‌తో నాలుగు వాక్యాలు రాయండి. అదీ తన్‌ఖీదే, మీ వంతు గవాహీ.

ఆ రోజు మాస్టర్‌సాబ్ అడిగాక నేను లైబ్రరీలో సోజ్ షేర్లు వెతికి చదివాను. ఎంత సాదాగా, ఇంట్లో మనిషి మాట్లాడినట్టున్నాయో! మీర్ ఆయనకు పావు మార్కే వేశాడు. నేనైతే మార్కులు వేయలేదు.