విడిభాగాలు అసలువే... వాచీ నకిలీ!

జెనీవా, 2021 నవంబరు. ఫిలిప్స్ సంస్థ నిర్వహిస్తున్న వేలంపాటలో ఓ పాత చేతి గడియారం వంతు వచ్చింది. 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ అది. ఆ మోడల్ పుట్టిందే ఆ ఏడాది. పన్నెండేళ్ల తర్వాత బజ్ ఆల్డ్రిన్ చంద్రుడి మీద నడిచినప్పుడు ఆయన చేతికి ఉన్నది స్పీడ్‌మాస్టరే. అలాంటి పేరున్న వాచీల్లో తొలి తరానిది దొరకడమంటే సేకర్తలకు పండగే.

పైగా దీని డయల్ నల్లగా లేదు. ఏళ్లు గడిచేకొద్దీ రంగు మారి గోధుమ వన్నెకు తిరిగింది. సేకర్తలు దీన్ని 'ట్రాపికల్ డయల్' అంటారు. ఎంత అందంగా వన్నె మారితే అంత గిరాకీ.

వేలం సంస్థ వేసిన అంచనా 80 వేల నుంచి లక్షా 20 వేల స్విస్ ఫ్రాంకులు. మన లెక్కలో కోటి రూపాయల లోపు. పాట మొదలైంది. అంచనా దాటింది. ఐదు లక్షలు దాటింది. పది లక్షలు, ఇరవై లక్షలు... అయినా ఆగలేదు. చివరికి కమీషన్‌తో కలిపి 31,15,500 ఫ్రాంకులకు ఖరారైంది. దాదాపు 25 కోట్ల రూపాయలు! అప్పటిదాకా ఏ ఒమేగా వాచీకీ అంత ధర పలకలేదు.

అంత పోసి కొన్నదెవరు? ఆ వాచీ మీద ఎవరి పేరుందో వాళ్లే. స్విట్జర్లాండ్‌లోని బీల్ పట్టణంలో ఉన్న తన మ్యూజియం కోసం ఒమేగా కంపెనీ దాన్ని కొనుక్కుంది.

భూతద్దం కింద

పాత వాచీని పరీక్షించేవాళ్లు మూత తీసి ముందు మిషను చూస్తారు. దాని మీద చెక్కిన నంబరును బట్టి ఏ ఏడాదిదో తేలుతుంది. తర్వాత కేసు, డయల్, ముళ్లు, వాటి మీది రేడియం పూత. ఇవన్నీ ఒకే కాలానివా, పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నాయా అన్నది అసలు ప్రశ్న. డయల్ మీద రేడియం చుక్కలు ముదురు రంగులోకి మారి, ముళ్ల మీది పూత లేతగా ఉందంటే అనుమానించాల్సిందే.

ఈ స్పీడ్‌మాస్టర్ విషయంలో కాగితాలకు లోటు లేదు. మిషను నంబరు ఏనాటిదో, అది ఏ మోడల్‌లో అమర్చినదో అమ్మకానికి ముందే ఒమేగా ధ్రువీకరించిందని ఫిలిప్స్ తర్వాత చెప్పింది. అయినా 2023లో పాత వాచీల మీద పరిశోధన చేసేవాళ్ల నుంచి అనుమానాలు బయటికొచ్చాయి. కంపెనీ లోపల విచారణ మొదలైంది.

తేలిందేమిటంటే, అది ఒకే వాచీ కాదు. చాలావరకు అసలైన భాగాలే, కానీ వేర్వేరు పాత వాచీల నుంచి తీసి కూర్చినవి. ఈ రకం అతుకుల వాచీని 'ఫ్రాంకెన్ వాచీ' అంటారు. ఫుట్‌పాత్ మీద అమ్మే డూప్లికేట్‌ను పట్టుకోవడం తేలిక. దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే విడిగా చూస్తే చాలా ముక్కలు పరీక్షకు నిలబడతాయి.

ఇంటి దొంగను...

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒమేగా 2023 జూన్‌లో వెల్లడించిన విషయం అలాంటిదే. ఈ వ్యవహారంలో తమ మాజీ ఉద్యోగులు ముగ్గురి పాత్ర ఉందని కంపెనీ ఆరోపించింది. వారిలో ఒకరు మ్యూజియం పనులు చూసిన వ్యక్తి. ఇంత అరుదైన వాచీ మన మ్యూజియంలో ఉండి తీరాలని పైవాళ్లను ఒప్పించింది ఆ వ్యక్తేనని చెప్పింది. తామూ వేలం సంస్థా ఇద్దరమూ బాధితులమేనంటూ, బాధ్యులందరి మీదా క్రిమినల్ చర్యలకు దిగుతున్నామని ప్రకటించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ వాచీ వాళ్ల సొంతం. అనుమానాలు బయటికొచ్చినా, ఏమీ చెప్పకుండా బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు. అద్దాల పెట్టెలో అలాగే ఉంచి జనానికి చూపించినా ఎందరో నమ్మేవారు. అయినా కంపెనీ నోరు విప్పింది. పోయిన డబ్బు కన్నా చరిత్రలో అబద్ధం మిగిలిపోవడం పెద్ద నష్టం. మ్యూజియంలో ఓ అతుకుల వాచీ అసలుదిగా నిలిచిపోతే, రేపు దాన్ని చూసి మరో నకిలీకి సర్టిఫికెట్ ఇస్తారు.

మన చేతికి వస్తే?

ఈ కథ జెనీవాలో ఆగిపోయేది కాదు. 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్ఎంటీనే తీసుకోండి. మన ఇళ్లలో అల్లుడికి పెట్టిన వాచీ అది, ఉద్యోగం వచ్చిన కొడుక్కి కొనిచ్చిన వాచీ అది. 2016లో ఆ వాచీల కంపెనీ మూతకు కేంద్రం నిర్ణయం తీసుకుంది. పాతవాటి మీద మోజు మాత్రం పెరిగింది. పాత డయల్ గీకి, కొత్త రంగు కొట్టి, పేరు మళ్లీ అచ్చువేసి అమ్మేవాళ్లు తయారయ్యారు. కంపెనీ ఏనాడూ వేయని రంగులు కనిపిస్తాయి. అక్షరాల అంచులు ఉబ్బి ఉంటాయి. వెనక మూత అరిగిపోయి, డయల్ మాత్రం నిన్న చేసినట్టు మెరుస్తుంటుంది.

ఇక 'ఫస్ట్ కాపీ' పేరుతో అమ్మే నకిలీ బ్రాండు వాచీల సంగతి. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం తప్పుడు ట్రేడ్‌మార్కున్న సరుకును అమ్మడం, అమ్మకానికి ఉంచుకోవడం నేరం. ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. డీఎస్పీ, ఆపై స్థాయి పోలీసు అధికారి ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకుని, వారెంట్ లేకుండానే సోదా చేసి సరుకు పట్టుకోవచ్చు. తెలియక కొన్నవాళ్లు ఈ నేరం కిందికి రారు. తెలిశాక లాభానికి అమ్మబోతే వస్తారు.

అందుకే అసలుదని నమ్మి కొన్నది నకిలీ అని తేలితే, ముందు బిల్లు, డబ్బు కట్టిన రసీదు, అమ్మినవాళ్లతో నడిచిన సందేశాలు భద్రం చేయండి. వాచీని విప్పించకుండా, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించి వాళ్ల మాట రాతలో అడగండి. డబ్బు వెనక్కి ఇవ్వమని అమ్మినవాళ్లకు రాయండి. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. పెద్ద ఎత్తున అమ్ముతున్నారని తెలిస్తే ఆ ట్రేడ్‌మార్కు యజమాని కంపెనీకీ, పోలీసులకూ చెప్పండి. సగం ధరైనా వస్తుందని దాన్ని మరొకరికి అంటగట్టకండి. మీకు జరిగిన మోసం మరొకరికి జరగకుండా ఆపగలిగే అవకాశం ఉన్నది ఇక మీ ఒక్కరికే.

డబ్బు రాకపోయినా, పారేయడానికి మనసొప్పక ఇంట్లోనే ఉంచుకుంటారా? తప్పు లేదు. ఇది డూప్లికేట్ అని, ఎక్కడ కొన్నదీ ఎంతకు కొన్నదీ ఓ కాగితం మీద రాసి అదే పెట్టెలో పెట్టండి. ఇరవై ఏళ్ల తర్వాత మీ పిల్లలు దాన్ని నాన్నగారి అసలు వాచీ అనుకుని, తెలియకుండానే ఇంకొకరిని మోసం చేయకుండా ఉంటారు.