ఆరు పళ్లు, తొమ్మిది గీతలు

ప్లేటు మీద కట్టర్ ఆనీ ఆనగానే మోటారు మూలిగింది. మరుక్షణం షెడ్డంతా దడదడలాడింది. బెంచి మీది స్పానర్ జరిగి జరిగి కింద పడింది. అతను ఫీడ్ హ్యాండిల్ వదిలేసి ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టే లోపే స్పిండిల్ తనంతట తనే ఆగిపోయింది. ప్లేటు అంచున ఇంత లోతు గాటు. కట్టర్‌లో ఓ టిప్పు మూల ఎగిరిపోయింది.

కుషాయిగూడలో కారు షెడ్డునే వర్క్‌షాపు చేసుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అతను. కొన్నది బెంచి మీద పట్టే చిన్న మిల్లింగ్ మెషిన్, నూరు కిలోల లోపే. దానికి తెచ్చిన ఫేస్ మిల్, అంటే పైముఖాన్ని చదును చేసే కట్టర్, మాత్రం 80 మిల్లీమీటర్లది. ఆరు పళ్లు, బంగారు రంగు కోటింగ్ ఉన్న టిప్పులు. ప్లేటు వెడల్పు 60 మిల్లీమీటర్లు కాబట్టి ఒకే పాస్‌లో అయిపోతుందని లెక్క వేసుకున్నాడు. చిన్న మెషిన్ కొన్నవాళ్లలో చాలామంది జాబ్‌ని చూసి కట్టర్ ఎంచుకుంటారు. ముందు చూడాల్సింది మెషిన్‌ని.

ఆ సాయంత్రం మేనమామ వచ్చాడు. కవాడిగూడ ప్రాగా టూల్స్‌లో మిల్లర్‌గా చేసి రిటైరైన మనిషి. వచ్చీ రాగానే కట్టర్ జోలికి పోలేదు.

"ఆ మోటారు ప్లేటు మీద ఏం రాసుందో చదువు అల్లుడూ."

"750 వాట్లు, మామయ్యా. 2500 ఆర్‌పీఎం."

"నువ్వెంతలో తిప్పావు?"

"400."

"గేర్లున్నాయా?"

"లేవు. బెల్టే. స్పీడ్ నాబ్‌తోనే తగ్గించాలి."

"అయితే నీ చేతిలో ఉన్నది 750 కాదురా. 120."

అల్లుడు తెల్లబోయి చూశాడు. గేర్లుంటే వేగం తగ్గినకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది. నాబ్‌తో వేగం తగ్గిస్తే ఆ బలం ఉన్నచోటే ఉంటుంది, పవర్ మాత్రం వేగంతో పాటే పడిపోతుంది. 2500 దగ్గర 750 వాట్లిచ్చే మోటారు 400 దగ్గర 120 వాట్లకు మించి ఇవ్వలేదు. ఇక కోతకి ఎంత కావాలి? మైల్డ్ స్టీల్‌ను కోయడానికి చదరపు మిల్లీమీటరుకు సుమారు 2000 న్యూటన్ల బలం పడుతుంది. 60 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు లోతు, పన్నుకి 0.1 మిల్లీమీటరు చొప్పున ఆరు పళ్లకి నిమిషానికి 240 మిల్లీమీటర్ల ఫీడ్. ఇవన్నీ గుణిస్తే 480 వాట్లు తేలింది. ఉన్నదానికి నాలుగింతలు.

కథ అక్కడితో అయిపోలేదు. పెద్దాయన సంచిలోంచి లీవర్ డయల్, మాగ్నెటిక్ స్టాండ్ తీశాడు. ముందు కట్టర్‌ని ఆర్బర్‌తో సహా విప్పించి, స్పిండిల్ టేపర్ లోపల డయల్ ఆనించి తిప్పాడు. ముల్లు ఒక్క గీత కదిలింది. గీత అంటే 0.01 మిల్లీమీటరు. స్పిండిల్‌లో లోపం లేదు.

మళ్లీ కట్టర్ బిగించి, డయల్ మొనను టిప్పు అడుగు అంచుకి తాకించాడు. స్పిండిల్‌ని చేత్తో, అదీ వెనక్కే తిప్పాడు. కోసే దిశలో తిప్పితే అంచు మొనని గీకుతుంది, అంచు కూడా పెచ్చూడొచ్చు. విరిగిన టిప్పుని మంచి మూలకి మార్చి, ఒక్కో పన్ను దాటుతుంటే అల్లుడి చేత కాగితం మీద రాయించాడు. సున్నా, నాలుగు, రెండు, తొమ్మిది, అయిదు, ఏడు. అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న పన్నుకీ, లోపలికి పోయిన పన్నుకీ మధ్య తొమ్మిది గీతలు.

"టిప్పులు నాసిరకమా మామయ్యా?"

"చూద్దాం."

ఒకటో గూట్లో టిప్పు తీసి నాలుగో గూట్లో, నాలుగో దాన్ని ఒకటిలో పెట్టి మళ్లీ కొలిచాడు. టిప్పు మారినా ఒకటో గూడే ఎత్తు, నాలుగో గూడే పల్లం. లోపం టిప్పులో ఉంటే టిప్పుతో పాటే వెళ్లిపోవాలి. అది గూటిని వదల్లేదు కాబట్టి బాడీయే వంకర. బంగారు రంగు కోటింగ్ కంటికి ఎంత బాగున్నా, ఫేస్ మిల్‌లో మన డబ్బు నిలిచేది బాడీలో. గూళ్లన్నీ ఒకే ఎత్తులో మిల్ చేసి, ఆ బాడీని గట్టిపరచడంలోనే ఖరీదంతా ఉంటుంది.

"పారేయకు. ఒక్క టిప్పు ఉంచి అయిదూ పీకెయ్. ఫ్లై కట్టర్‌లా పనికొస్తుంది. ఉన్నది ఒక్కటే పన్నయితే ఎత్తు తేడా అన్న మాటే ఉండదు. ఫీడ్ మాత్రం ఆరో వంతుకి తగ్గించు."

మర్నాడు ఇద్దరూ రాణిగంజ్ వెళ్లారు. షాపతను 63 మిల్లీమీటర్ల కట్టర్ ముందు పెట్టాడు. పెద్దాయన 50 మిల్లీమీటర్లది, నాలుగు గూళ్లది అడిగాడు.

"60 ప్లేటుకి 50 కట్టరా మామయ్యా?"

"రెండు పాసులు తోలు. మెషిన్ మోయగలిగిందే కట్టర్."

45 డిగ్రీలదా, 90 డిగ్రీలదా అని షాపతను అడిగాడు. దీనిమీద మిల్లర్లలోనే రెండు వర్గాలున్నాయి. 90 డిగ్రీల కట్టర్ మెట్టు కూడా కోస్తుంది, జాబ్ మీద పైనుంచి ఒత్తిడి తక్కువ. పల్చటి రేకులకి అదే మేలు. 45 డిగ్రీల దానిలో అంచు ఏటవాలుగా లోపలికి దిగుతుంది, దెబ్బ మెత్తగా పడుతుంది, అదే ఫీడ్‌కి చిప్ మందం 0.7 వంతే ఉంటుంది. చతురస్రపు టిప్పుకి నాలుగు మూలలూ వాడుకోవచ్చు. మెట్లు కోయడానికి ఎండ్‌మిల్ ఎలాగూ ఉంది కాబట్టి పెద్దాయన 45 వైపే మొగ్గాడు. నా ఓటూ దానికే.

పెద్దాయన ఆ కట్టర్‌లోంచి టిప్పు తీసేసి ఖాళీ గూడుని భూతద్దంలో చూశాడు. మూలలో బర్ లేదు. టిప్పు పెట్టి స్క్రూ సగం బిగించి, వెలుతురుకి ఎత్తి పట్టాడు. స్క్రూ తిరుగుతున్న కొద్దీ టిప్పు మూలలోకి లాక్కుపోతోంది. గోడకీ టిప్పుకీ మధ్య వెలుతురు సన్నమై పూర్తిగా పోయింది. అప్పుడు టిప్పుల డబ్బా అడిగాడు. డబ్బా మీద నాలుగక్షరాల్లో మూడోది ఏమిటో చూడమన్నాడు.

"ఎం, మామయ్యా."

"వద్దు. హెచ్ ఉన్నది ఇవ్వండి. ఎస్‌ఈహెచ్‌టీ."

ఆ మూడో అక్షరం టిప్పు కొలత ఎంత కచ్చితమో చెబుతుంది. ఈ టిప్పులు కార్బైడ్‌వి. కార్బైడ్ అంటే టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి, అచ్చులో నొక్కి, సుమారు 1400 డిగ్రీల వేడిలో కాల్చింది. బెర్లిన్‌లోని ఓస్రామ్‌లో కార్ల్ ష్రోటర్ కనిపెట్టగా 1923లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన పద్ధతి అది. క్రుప్ కంపెనీ 1927లో లైప్‌జిగ్ వసంత ప్రదర్శనకి దాన్ని వీడియా పేరుతో తెచ్చింది. కాల్చినప్పుడు ముక్క పొడవులో దాదాపు ఆరో వంతు కుంచించుకుపోతుంది. అందుకే అచ్చులోంచి వచ్చినట్టే అమ్మే ఎం రకంలో సైజు తేడాలు ఎక్కువ, అంచు కూడా కాస్త గుండ్రంగా ఉంటుంది. పెద్ద మెషిన్‌కి ఆ గుండ్రమే బలం. ఇలాంటి చిన్న మెషిన్‌కి పల్చటి కోతలో అది కోయదు, రుద్దుతుంది. హెచ్ రకాన్ని తర్వాత గ్రైండ్ చేస్తారు. కొలత 0.013 మిల్లీమీటరు అటూ ఇటూ లోపే ఉంటుంది, అంచు పదునుగా ఉంటుంది.

స్టీల్‌కి నీలం గుర్తు డబ్బా ఒకటి, అల్యూమినియానికి ఆకుపచ్చ గుర్తుది, మెరుగు పెట్టినది ఒకటి కొన్నారు. ఆర్బర్ అన్నిట్లోకీ పొట్టిది ఏరుకున్నారు. కట్టర్ స్పిండిల్‌కి దూరమైన కొద్దీ చిన్న మెషిన్‌లో వణుకు పెరుగుతుంది.

ఇంటికి వచ్చాక డయల్ మీద నాలుగు పళ్ల మధ్య తేడా రెండు గీతలు. 640 ఆర్‌పీఎం, అర మిల్లీమీటరు లోతు, నిమిషానికి 200 మిల్లీమీటర్ల ఫీడ్. లెక్క ప్రకారం కోతకి 120 వాట్లు చాలు, ఆ వేగం దగ్గర మోటారు ఇవ్వగలిగింది 190. ఏటవాలు అంచు హెడ్‌ని పైకి తోస్తుంది కాబట్టి కాలమ్ లాక్ బిగించారు. టేబుల్ స్క్రూలో బ్యాక్‌లాష్, అంటే నట్టుకీ స్క్రూకీ మధ్య వదులు, ఉంది కనుక కట్టర్ తిరిగే దిశకి ఎదురుగా ఫీడ్ ఇచ్చారు. మోటారు మూలగలేదు. చిప్స్ ఒకే సైజులో, చిన్న చిన్న కామాల్లా రాలాయి.

రెండు పాసులు కలిసిన చోట మాత్రం గోరుకి చిన్న మెట్టు తగిలింది. అల్లుడు కట్టర్ వైపు అనుమానంగా చూశాడు.

"దాన్ననకు. నీ హెడ్ ఒక పక్కకి వాలింది."

స్పిండిల్‌కి డయల్ తగిలించి, టేబుల్ మీద 200 మిల్లీమీటర్ల వృత్తంలో తిప్పాడు. ఎడమకీ కుడికీ నాలుగు గీతల తేడా వచ్చింది. కాలమ్ బోల్టులు వదులు చేసి, రబ్బరు సుత్తితో తట్టి, మళ్లీ తిప్పి, మళ్లీ తట్టారు. తేడా ఒక గీతకి దిగాక బోల్టులు బిగించి, అదే ప్లేటు మీద 0.1 మిల్లీమీటరు లోతున మళ్లీ రెండు పాసులు తోలారు. ఈసారి కలిసిన చోట గీత కంటికి కనిపించింది కానీ గోరుకి తగల్లేదు. అల్లుడు ఆకుపచ్చ డబ్బా తెరిచి, అల్యూమినియం ముక్కని వైస్‌లో బిగించాడు.